అందరి గంట

మా ఊరు ఆర్డ్‌లీకి టెలిఫోన్లు వచ్చి ముప్ఫై ఏళ్ళు. ఆ ముప్ఫై ఏళ్ళలో, పక్కవాళ్ళ ఫోను మాటలు విన్నానని ఒప్పుకున్న మనిషి మా తూర్పు లైను మీద ఒక్కతే. అలా ఒప్పుకోకూడదని పాపం ఆమెకు తెలియదు.

తూర్పు లైనంటే పద్నాలుగు ఇళ్ళు. గోధుమ పొలాల మధ్య ఇంటికీ ఇంటికీ మైలో, రెండు మైళ్ళో ఎడం. పద్నాలుగింటికీ కలిపి ఒకటే తీగ. ఎవరికి ఫోను వచ్చినా అందరి గోడల మీదా గంట మోగుతుంది. ఒకరిది రెండు పొడుగు గంటలు, ఇంకొకరిది ఒక పొడుగూ రెండు పొట్టీ, ఇలా ఎవరి గుర్తు వారిది. తన గుర్తు మోగితేనే రిసీవరు ఎత్తాలని నియమం. నియమం మంచిదే, పాటించేవాళ్ళే కరువు. పాలు పితుకుతున్న మనిషి కూడా చెంబు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, రిసీవరు మెల్లగా ఎత్తి ఊపిరి బిగబట్టేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు పద్నాలుగిళ్ళవాళ్ళూ వినేవారు. విన్నదాన్ని మర్నాడు విననట్టే మసలుకోవడం మావాళ్ళ దృష్టిలో పెద్దమనిషి తరహా.

ఆ తీగ వచ్చి చేరేది ఎఫీ ఇస్బిస్టర్ ఇంటి ముందుగదిలోకి. ఎఫీ స్కాట్లండు పైనున్న ఆర్కినీ దీవుల్లో పుట్టి, ఆరేళ్ళప్పుడు తల్లిదండ్రుల వెంట కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రానికి వచ్చింది. తండ్రి పంట వరసగా మూడేళ్ళు వడగళ్ళ పాలైంది. ఆయన విసుగెత్తి పొలం వదిలేసి, టెలిఫోను కంపెనీవాళ్ళ స్విచ్‌బోర్డు తన ఇంట్లో పెట్టించుకున్నాడు. బోర్డు దగ్గర మొదట తల్లి కూర్చునేది. ఆమె చూపు మందగించాక ఎఫీ కూర్చుంది. పందొమ్మిదో ఏట కూర్చున్న మనిషి నలభై ఆరొచ్చినా లేవలేదు. ఊరంతా ఆమెను 'సెంట్రల్' అనే పిలిచేవారు. చర్చిలో పాస్టరు పాటల పుస్తకం చేతికిస్తూ కూడా "ఇదిగో, సెంట్రల్" అనేవాడు. అమ్మా నాన్నా పోయాక ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు.

ముప్ఫై దాటాక ఆమెకొక పెళ్ళి గండం వచ్చింది. వాల్టర్ అని, రెజైనాలో వ్యవసాయ యంత్రాలు అమ్మే మనిషి, మంచు పడి దారులు మూసుకుపోవడంతో ఆ అడగాల్సిన మాటేదో ఫోనులోనే అడిగాడు.

"బోర్డు ఎవరు చూస్తారు?" అంది ఎఫీ.

"ఊరికి నువ్వొక్కదానివే ఉన్నావా ఏంటి? బోర్డు కావాలో నేను కావాలో తేల్చుకో."

"రేపు చెప్తాను."

మర్నాడు కాదని చెప్పింది. ఆ వారమంతా ఎవరో ఒకరు ఆమె గుమ్మంలో, ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన 'పై' ఒకటి పెట్టిపోయారు. ఎదురుపడిన ప్రతివాళ్ళూ "చలి ఈసారి ముందే దిగిందే" అన్నారు తప్ప, వాల్టర్ మాట ఒక్కరూ ఎత్తలేదు. కష్టంలో ఉన్న మనిషితో వాతావరణం మాట్లాడటమే మావాళ్ళకు తెలిసిన ఓదార్పు. ఎఫీకి ఆ వారం ఎవరినైనా పట్టుకుని భోరుమనాలనిపించింది. చలి నిజంగానే ముందు దిగిందని ఒప్పుకుని ఊరుకుంది.

ఎవరు పొంచి వింటున్నారో ఆమెకు మాత్రం ఇట్టే తెలిసిపోయేది. రిసీవరు ఎత్తగానే ఆ ఇంటి చప్పుళ్ళు కూడా తీగలోకి వచ్చేస్తాయి కదా. జీన్ గిలీస్ ఇంట్లో గోడ గడియారం కుంటివాడి నడకలా ఒక టిక్కు గట్టిగా, ఒక టిక్కు నెమ్మదిగా కొట్టుకునేది. బ్రహ్మచారి ముసలాయన టోర్వాల్డ్‌కి ఆయాసం. బెకర్ల ఇంట్లో కానరీ పిట్ట. వాళ్ళు వినడం వల్ల ఎఫీకి వచ్చిన నష్టం ఒకటే: ఎంతమంది రిసీవర్లు ఎత్తితే మాట అంత పలచబడిపోతుంది. ఇద్దరు వింటే పరవాలేదు. పదిమంది వింటే, తీగ చివరనున్న ఇంటికి గుసగుస కూడా చేరదు.

ఆ చివరి ఇల్లు ఒలెనా హ్రిత్సాక్‌ది.

ఒలెనా, ఆమె మొగుడు దిమిత్రో యుక్రేన్ నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లోకి ఫోను వచ్చిన కొత్తలో ఒకరోజు ఒలెనా కూడా అందరిలాగే రిసీవరు ఎత్తింది. జీన్ గిలీస్ తన చెల్లెలితో మొత్తుకుంటోంది.

"పొద్దుట్నించీ చిలుకుతున్నానే, వెన్న వస్తేనా! భుజాలు పడిపోయాయి."

"మీగడ చల్లగా ఉంది. కుండ వేడినీళ్ళలో పెట్టు. వస్తుంది," అంది ఒలెనా.

తీగంతా చచ్చినట్టు పడుకుంది.

"ఎవరది?" అంది జీన్.

"నేను, ఒలెనా."

"నా ఫోన్లో నువ్వేం చేస్తున్నావ్?"

"వింటున్నా."

"ఇదిగో చూడమ్మా, మీ దేశంలో పద్ధతులేంటో నాకు తెలీదు. ఇక్కడ మేం ఒకళ్ళ మాటలు ఒకళ్ళం వినం. తెలిసిందా?"

జీన్ ఆ మాటంటున్న సమయంలో కానరీ పిట్ట హాయిగా కూస్తోంది, టోర్వాల్డ్ ఆయాసపడుతున్నాడు, ఇంకెవరింట్లోనో చంటిపిల్ల ఏడుస్తోంది. ఎఫీ ఒక్కతే బోర్డు ముందు కూర్చుని పైటగుడ్డలాంటి తన శాలువ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాని ఒలెనా నమ్మింది. కొత్త దేశంలో మర్యాద ఇదే కాబోలనుకుంది. ఆ రోజు నుంచి తన గుర్తు మోగితే తప్ప రిసీవరు ముట్టలేదు. తూర్పు లైను నియమాన్ని నిలబెట్టిన ఏకైక మనిషి, దాన్ని తప్పిందని పేరుపడిన మనిషి, ఒకరే. జీన్ ఆ సాయంత్రం కుండ వేడినీళ్ళలో పెట్టింది. వెన్న వచ్చింది. వచ్చిందని ఒలెనాకు ఎవరూ చెప్పలేదు.

తరవాత దుమ్ము ఏళ్ళు వచ్చాయి, వానల్లేక ఎండిన పొలాల మట్టి గాలికి లేచి ఇళ్ళను కమ్మేసిన ఏళ్ళు. దిమిత్రో ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి పోయాడు. ఒలెనాకు మిగిలింది కొడుకు పెట్రో. వాడు ఒక అల్లరి రకం. పదేళ్ళప్పటి నుంచీ పొద్దున్నే ఫోను పిడి తిప్పి, "సెంట్రల్, ప్రపంచం ఇంకా అక్కడే ఉందా?" అని అడిగేవాడు. "ఉందిలే, నువ్వెళ్ళి దూడల సంగతి చూడు," అనేది ఎఫీ. యుద్ధం మొదలైన ఏడాదే వాడు మా జిల్లా కుర్రాళ్ళ పటాలంలో చేరి ఇంగ్లండు వెళ్ళిపోయాడు.

వాణ్ణి రైలెక్కించిన రోజు ఒలెనా తిన్నగా ఎఫీ ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎఫీ, ఒక మాట అడుగుతా." ఊరు మొత్తం మీద ఆమెను పేరు పెట్టి పిలిచేది ఒలెనా ఒక్కతే.

"అడుగు."

"నా పెట్రో గురించి ఏదైనా వస్తే, మంచిదైనా చెడ్డదైనా, నాకు ముందు చెప్పు. ఊరంతా తెలిసి, నాకు తెలీకుండా, నేను బజార్లో నవ్వుతూ తిరగకూడదు. అది వద్దు."

"ముందు నీకే చెప్తాను," అంది ఎఫీ.

మాట ఇచ్చేసి, ఆమె గుమ్మం దాటాక ఆలోచించింది. చివరి ఇంటికి చెప్పడమంటే, దారిలోని పదమూడిళ్ళకూ చెప్పడమే.

ఇక అందరి గంట సంగతి. అది ఏ ఒక్కరి గుర్తూ కాదు. ఆపకుండా తిప్పిన ఒక పొడుగు గంట మోగితే లైను మీద అందరూ ఎత్తవచ్చు. గడ్డివాములు అంటుకున్నా, పిల్లలు తప్పిపోయినా, రైలు ఆలస్యమైనా అదే. యుద్ధంలో రేడియో బ్యాటరీలు దొరకడం గగనమయ్యాక, మధ్యాహ్నం భోజనాలవగానే ఎఫీ అందరి గంట కొట్టి వార్తలు చెప్పడం మొదలుపెట్టింది. ఆమె రేడియోకు మాత్రం కంపెనీవాళ్ళు ఎలాగో బ్యాటరీ పంపేవారు. అలా ప్రపంచమంతా ఒక ఆడమనిషి నోటిగుండా వంటిళ్ళలోకి ప్రవహించేది. అందరి గంటకి ఒలెనా కూడా ఎత్తేది. అది దొంగతనం కాదు కదా.

పందొమ్మిది వందల నలభై రెండు ఆగస్టులో ప్రపంచానికి ఊపిరి తీసుకునే తీరిక లేదు. నెల మొదట్లో టీకి, కాఫీకి రేషను కూపన్లు వచ్చాయి. మావాళ్ళకి అదే పెద్ద వార్త. జర్మన్లు రష్యాలో డాన్ నది దాటి, నూనె బావుల మీదికి పోతున్నారని ఎఫీ చెబితే, "టీ ఆకు ఒకసారి కాచింది ఎండబెట్టి మళ్ళీ కాస్తే రంగొస్తుందంటావా, సెంట్రల్?" అని ఎవరో అడిగారు. మొదటి వారం చివర అమెరికావాళ్ళు సాలమన్ దీవుల్లో దిగారు. ఆ దీవులెక్కడున్నాయో ఎవరికీ తెలియదు. జీన్ గిలీస్ కూతురి బడి పుస్తకం తెరిచి, పసిఫిక్కులో నల్లపూసల్లా ఉన్నవాటిని చూసి, "వీటికోసమా ఇంత గొడవ!" అంది. ఆ తరవాత బొంబాయిలో గాంధీని పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు.

"ఆ బక్కాయనేనా? తిండి మానేసి దొరల్ని బెదిరించేవాడు?" అన్నాడు టోర్వాల్డ్.

"ఆయనే."

"మనం తిండి మానేస్తే టీ కూపన్లు ఎక్కువిస్తారేమో అడుగు."

తీగ మీద నవ్వులు. మాల్టా దీవికి ఆయిలు ఓడొకటి సగం మునిగి, సగం తేలి చేరింది. ఎఫీ అన్నీ ఒకే గొంతుతో చదివేది. వార్తలయ్యాక క్లిక్కు, క్లిక్కుమని రిసీవర్లు దిగేవి. అన్నీ దిగాయనుకున్నాక ఒలెనా అడిగేది.

"ఎఫీ, నాకేమైనా?"

"ఏమీ లేదు ఒలెనా."

"ఏమీ లేదు. మంచిది."

ప్రతిరోజూ అదే మాట. రిసీవర్లు అన్నీ దిగేవి కాదని ఎఫీకి తెలుసు. ఆ కుంటి గడియారం వెనకెక్కడో నడుస్తూనే ఉండేది.

పందొమ్మిదో తారీఖు బుధవారం. కెనడా కుర్రాళ్ళు సముద్రం దాటి ఫ్రాన్సు ఒడ్డున దియెప్ అనే ఊరి మీద పడ్డారని రేడియో చెప్పింది. దిగారు, కొట్టారు, పని ముగించుకుని వెనక్కి వచ్చారు అన్నట్టుగా ఉంది ఆ వార్త. అందులో మా జిల్లా పటాలం కూడా ఉందట. ఎఫీ ఆ రోజు మామూలు వేళ దాకా ఆగలేదు. పిడిని చెయ్యి నొప్పెట్టేలా తిప్పింది. చదువుతుంటే గొంతు దానంతటదే పైకి లేచింది. మూడేళ్ళుగా పరాయి నదుల పేర్లు చదివీ చదివీ ఉన్న మనిషి, మొదటిసారి 'మనవాళ్ళు' అనే మాట అన్నది.

నిజం నిలకడ మీద గాని తెలియదు. ఆనందానికి అంత ఓపిక ఉండదు. శనివారం బడి గదిలో విందు పెట్టారు. తలా కాస్త చక్కెర తెచ్చి కలిపి, కంచెల పక్కన కాసే సస్కటూన్ పళ్ళతో పైలు కాల్చారు. కోళ్ళు కోశారు. ఒలెనా పిండిలో బంగాళాదుంప కూరి ఉడికించిన పిరోహీలు పెద్ద గిన్నెడు తెచ్చింది. పన్నెండు మైళ్ళు బండి తోలుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. మునుపు ఆ గిన్నె వైపు చూసేవారు కాదు. ఆ రోజు ఎగబడి తిన్నారు. జీన్ గిలీస్ స్వయంగా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీ పెట్రో నీ ఒక్కదాని కొడుకు కాదమ్మా, మా అందరి కొడుకు."

"ఇంకో రెండు వేసుకో," అని ఒలెనా పిరోహీలు వడ్డించింది.

ఆ సాయంత్రమే బ్రెజిల్ కూడా మనవైపు యుద్ధంలో దిగిందని ఎఫీ వచ్చి చెప్పింది. బ్రెజిల్‌కి జై కొట్టి, ఉన్న టీ అంతా తాగేశారు.

సోమవారం నాటికి రేడియో గొంతు మారింది. దియెప్ వెళ్ళినవాళ్ళలో వెనక్కి రానివాళ్ళే ఎక్కువని, పేర్లు ఇంకా వస్తున్నాయని చెప్పింది. ఎఫీ బోర్డు ముందు చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చదవకుండా దాటేద్దామా అనిపించింది. కాని గెలుపును అంత గట్టిగా అరిచిన నోరు ఇప్పుడు మూసుకోవడం ఏం న్యాయం? గంట కొట్టింది. స్టాలిన్‌గ్రాడ్ ఊరంతా తగలబడుతోందని చెప్పింది. తరవాత దియెప్ సంగతి చెప్పింది. క్లిక్కులు కూడా వినిపించలేదు, అంత మెల్లగా పెట్టారు రిసీవర్లు.

"ఎఫీ, నాకేమైనా?"

"లేదు ఒలెనా."

"ఏమీ లేదు," అంది ఒలెనా. ఈసారి మంచిది అనలేదు.

మంగళవారం వాన పట్టుకుంది. కోతలు ఆగిపోయాయి. మా బంకమట్టి తడిస్తే బండి చక్రాన్నీ మనిషి బూటునీ ఒకేలా పట్టుకుంటుంది, వదలదు. రాజుగారి తమ్ముడు ప్రయాణిస్తున్న విమానం స్కాట్లండు కొండకు గుద్దుకుందని వార్త. స్కాట్లండు రక్తమున్న ఇళ్ళలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎప్పుడూ చూడని రాకుమారుడి కోసం ఏడవడం తేలిక. వాళ్ళు అసలు ఎవరికోసం ఏడుస్తున్నారో ఎఫీకి అనుమానం వచ్చింది గాని, అలాంటివి అడిగే ఊరు కాదు మాది.

గురువారం మధ్యాహ్నం వార్తల వేళకు ముందు స్టేషను మాస్టరు బురదలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. టోపీ తీశాడు. ఆయన ఎఫీ ముందు టోపీ తీయడం అదే మొదలు.

"టెలిగ్రాం," అన్నాడు. "హ్రిత్సాక్‌ది."

ఎఫీ చదివింది. ఒకసారి చదివితే అర్థమయ్యే మాటలే, అయినా ఇంకోసారి చదివింది.

"చేతికే ఇవ్వాలి. రూలు. కారు ఊరు దాటదు, గుర్రబ్బండైనా సగం దారిలో దిగబడుతుంది. ఎండేదాకా ఆగుదామంటావా?" అన్నాడాయన.

"మీరిటు రావడం ఎవరు చూశారు?"

"పోస్టాఫీసు ముందు అందరూ ఉన్నారు. ఎవరిదని అడిగారు. నేనేం చెప్పలేదు."

"టోపీ తీసి మా గుమ్మం ఎక్కారుగా. ఇంకేం చెప్పాలి?" అంది ఎఫీ.

మా ఊళ్ళో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. గంట గడిచేలోగా తూర్పు లైనుకు తెలుస్తుంది, పటాలంలో కొడుకున్న ఇల్లు ఆ లైను మీద ఒక్కటే. అప్పుడు ఏ మంచి మనసో ఉండబట్టలేక ఒలెనాకి ఫోను చేసి వర్షం గురించి మాట్లాడుతుంది. ఒలెనా వెర్రిది కాదు. దుమ్ము ఏళ్ళలో దిమిత్రో పోయినప్పుడు ఊరంతా ఆమెతో గాలి గురించి మాట్లాడింది. జీన్ గిలీస్ ఇంటి నుంచి ఒలెనా ఇల్లు రెండు మైళ్ళే. ముందు జీన్‌కి ఫోను చేసి పక్కన వెళ్ళి కూర్చోమందామా? జీన్‌కి చెబితే పన్నెండిళ్ళకు చెప్పినట్టే. తల్లికి తెలియకముందే ఊరికి తెలుస్తుంది. వద్దన్నది అదే కదా.

ఇచ్చిన మాటకి దారి ఒకటే కనిపించింది. ఎఫీ తీగ గుచ్చి, ఒలెనా గుర్తు మోగించింది. రెండు పొడుగు, మూడు పొట్టి.

ఏడాదికి నాలుగుసార్లు కూడా మోగని గుర్తు అది. మోగీ మోగగానే తీగంతా కదిలింది. కానరీ పిట్ట వచ్చింది. ఆయాసం వచ్చింది. ఎక్కడో కుండ మూత కదిలింది. కుంటి గడియారం వచ్చింది. అందరికంటే చివర, దూరంగా, పలచగా ఒలెనా.

"ఎవరు?"

"ఎఫీని. ఒలెనా, కూర్చున్నావా?"

"ఏంటి? వినపడటం లేదు."

"టెలిగ్రాం వచ్చింది. పెట్రో గురించి."

"ఏంటి, ఎఫీ? పెట్రో ఏంటి? చిన్నగా వస్తోంది."

ఎఫీ గొంతు పెంచింది. "పెట్రో చనిపోయాడమ్మా."

"ఏంటి? పెట్రో ఏంటి? దెబ్బ తగిలిందా? వాళ్ళు పట్టుకున్నారా? గట్టిగా చెప్పు."

అలాంటి మాట ఒక తల్లికి ఒకసారి చెప్పడమే పాపం. దాన్ని మళ్ళీ మళ్ళీ కేకలు పెట్టి చెప్పాలా? తీగలో పదమూడిళ్ళు ఆ మాటను మధ్యలోనే తాగేస్తున్నాయి. అందరికీ అందుతోంది, వినాల్సిన మనిషికి తప్ప. ఎఫీకి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏడేళ్ళలో ఆమె బోర్డు ముందు ఎవరినీ కసిరింది లేదు.

"లైను మీద ఉన్నవాళ్ళందరూ ఫోన్లు పెట్టేయండి," అంది.

ఎవరూ కదలలేదు. కదిలితే ఉన్నట్టు ఒప్పుకున్నట్టే. ఊపిరి బిగబట్టారు. ఊపిరి బిగబట్టడం కూడా వినిపిస్తుందని వాళ్ళకేం తెలుసు!

"టోర్వాల్డ్, నీ ఆయాసం నాకు వినపడుతోంది. పెట్టెయ్యి. బెకర్ల ఇంట్లోవాళ్ళు, మీ పిట్ట గోల ఆపండి. ఇంకెవరెవరున్నారో అందరి పేర్లూ నాకు తెలుసు, చెప్పమంటే చెప్తాను. ఆ తల్లిని విననివ్వండి. సిగ్గులేదూ!"

ఆయాసం పోయింది. పిట్ట పోయింది. మూత పోయింది. ఒక్కొక్క క్లిక్కుకీ తీగలో బలం పెరుగుతోంది. చివరికి గడియారం ఒక్కటే మిగిలింది, ఒకటి గట్టిగా, ఒకటి నెమ్మదిగా.

"జీన్," అంది ఎఫీ, అంతకంటే ఏమీ అనలేదు.

గడియారం ఆగిపోయింది.

అప్పుడు ఒలెనా గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఎఫీ. ఇప్పుడు చెప్పు. వినపడుతుంది."

ఎఫీ చెప్పింది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు, మెల్లగా, ఒక్కసారి. అవతల ఏడుపు లేదు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు మాత్రం వచ్చింది. వానగురించి గాని, దేవుడిగురించి గాని ఎఫీ నోట ఒక్క ముక్కా రాలేదు. అవతలి ఆమెకు వినిపిస్తుందనే ధ్యాస కూడా లేకుండా ఎఫీయే ఏడ్చింది.

"ఎవరికైనా ముందు చెప్పావా?" అంది ఒలెనా చాలాసేపటికి.

"లేదు. ముందు నీకే."

"మంచిది." మళ్ళీ కొంతసేపు నీళ్ళ చప్పుడు. "ఎఫీ, అందరి గంట కొట్టు."

"ఇప్పుడెందుకమ్మా? నేను నెమ్మదిగా అందరికీ..."

"కొట్టు. నేను చెప్తా."

ఎఫీ పిడి పట్టుకుని, ఆపకుండా తిప్పింది.

పిట్ట వచ్చింది. ఆయాసం వచ్చింది. పద్నాలుగిళ్ళూ వచ్చాయి. ఒలెనా గొంతు మళ్ళీ పలచబడిపోయింది. కాని ఇప్పుడు ఆమె వినాల్సింది ఏమీ లేదు. వినాల్సినవాళ్ళు చెవులు నొక్కిపెట్టుకుని విన్నారు.

"నేను ఒలెనా. నా పెట్రో చనిపోయాడు. ఫ్రాన్సులో, సముద్రం ఒడ్డున. అందరూ పిరోహీలు తిన్న రోజుకి ముందే చనిపోయాడు." ఆగింది. "రేపు నన్ను చూస్తే వాన గురించి మాట్లాడకండి. నాకు వాన వద్దు. పెట్రో గురించి మాట్లాడండి. వాడు మీ అందరికీ తెలుసు. మీరు వినరని నాకు చెప్పారు, సరే. కాని ఎవరైనా ఉంటే, ఉన్నామని చెప్పండి. నేను ఒక్కదాన్నే ఉన్నా ఇక్కడ."

తీగ మీద ఎవరూ మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఎఫీ కళ్ళు మూసుకుంది. కుంటి గడియారం ఒక టిక్కు గట్టిగా కొట్టింది, ఒక టిక్కు నెమ్మదిగా.

"జీన్‌ని, ఒలెనా," అంది ఒక గొంతు. గొంతు సవరించుకుని మళ్ళీ అంది. "జీన్ గిలీస్‌ని. వింటున్నాను."

జీన్ అక్కడితో ఆగలేదు.

"అప్పుడూ విన్నాను. ఎప్పుడూ వింటూనే ఉన్నాను. ఆ వెన్న కూడా వచ్చింది. నేను బూట్లు వేసుకుంటున్నా. పొలాల కట్టల మీద నడిచొస్తా. నువ్వు ఫోను దగ్గరే ఉండు."

"టోర్వాల్డ్‌ని. వింటున్నానమ్మా," అన్నాడు ముసలాయన ఆయాసపడుతూ. "వాడు మా నూర్పిడి మర పట్టాలో చెయ్యి పెట్టబోతే ఒకసారి చెవి మెలేశాను. నేను చెప్తా నీకు ఆ కథ."

బెకర్ల ఇంటావిడ తన పేరు చెప్పింది. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆ జర్మను పేరు ఆమె తీగ మీద పలకడం అదే మొదటిసారి. తరవాత ఇంకొకరు, ఇంకొకరు. తడబడుతూ, తప్పు ఒప్పుకుంటున్న పిల్లల్లా ఒక్కొక్కరూ పేరు చెప్పి, వింటున్నామన్నారు.

అందరి పేర్లూ అయ్యాక ఒలెనా అడిగింది. "ఇంకెవరు?"

బోర్డు ముందు కూర్చున్న మనిషి ముక్కు తుడుచుకుంది.

"ఎఫీ ఇస్బిస్టర్‌ని," అంది. "నేనూ ఉన్నాను."